చెమ్మ గోడ మీద చిన్న పెంకుపురుగులు

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఇల్లు మునిగింది. ఆ తరువాత గోడలకు మళ్ళీ సిమెంటు పూత పూయించి రంగులు వేయించాము. ఇప్పుడు బీరువా వెనుక గోడ మీద ఆవగింజకన్నా పెద్దవి కాని గోధుమరంగు పురుగులు పాకుతున్నాయి. నల్లులేమోనని నాకు భయంగా ఉంది. అత్తగారు బియ్యపు పురుగులంటున్నారు. ఇవేమిటి?
– ఒక పాఠకురాలు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: బియ్యపు పురుగుకు ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఉంటుంది, నల్లికి గట్టి పెంకు రెక్కలుండవు. మీరు చెప్పిన పరిమాణం, రంగు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ చోటు చూస్తే, ఇవి లాట్రీడియిడే కుటుంబపు పెంకుపురుగులు కావచ్చుననిపిస్తోంది. చూడకుండా జాతి పేరు చెప్పడం సాహసమే అవుతుంది.

ఈ కుటుంబానికి పేరిచ్చిన ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) లాట్రీడియస్. దీనిలోని ఒక పురుగుకు స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1767లోనే లాటిన్‌లో చిన్నదని అర్థమొచ్చే ‘మినుటస్’ అన్న పేరు పెట్టగా, ప్రజాతిని జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెర్బ్‌స్ట్ 1793లో ఏర్పరచాడు. రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉండే ఈ పురుగు పెంకు రెక్కల మీద చుక్కల గుంటలు వరుసలు తీరి ఉంటాయి. స్పర్శశృంగాల (తల మీది మీసాల) చివర మూడు కణుపులు లావెక్కి ఉంటాయి. ఇవి కనబడాలంటే భూతద్దం కావాలి.

వీటిని ఆంగ్లంలో పారిశుద్ధ్యపు పురుగులన్నట్టుగా పిలుస్తారు గాని, నా దృష్టిలో ఆ పేరు తప్పుదారి పట్టించేదే, ఎందుకంటే ఇవి తినేది చెత్తను కాదు, చెత్త మీద పట్టిన బూజును, దాని బీజాలను. (మనం పండక్కి దులిపే సాలెగూటి బూజు కాదు, పచ్చడి మీద పట్టే బూజు.) అందుకే ఇవి అడవిలో రాలిన ఆకుల కింద, చెట్ల బెరడు కింద, తడిసిన గడ్డిలో, పక్షి గూళ్ళలో బతుకుతాయి. లాట్రీడియస్ ప్రధానంగా ఉత్తరార్ధగోళపు చల్లని దేశాలదే అయినా, దానిలోనూ దాని దగ్గరి ప్రజాతుల్లోనూ కొన్ని జాతులు సరుకులతోపాటు ఓడలెక్కి ప్రపంచమంతా చేరాయి. పూత సరిగా ఆరని కొత్త గోడల్లో తరచుగా కనిపించడంవల్ల వీటికి గచ్చు పురుగులన్న అర్థమిచ్చే పేరు కూడా వచ్చింది.

ఇవి కుట్టవు, కొయ్యను గాని బట్టలను గాని కొరకవు. బియ్యంలో కనబడినా, అక్కడ తినేది తడి తగిలిన గింజ మీది బూజునే కనుక, మీ అత్తగారిని ఆ డబ్బా కూడా ఒకసారి చూడమనండి. మందు కొడితే కనబడినవి చస్తాయి గాని, బూజు ఉన్నంతకాలం కొత్తవి వస్తూనే ఉంటాయి. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, బూజును తుడిచి, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. వరద నీరు తాగిన ఇటుక గోడ పైపూత ఆరినంత త్వరగా లోపల ఆరదు. రంగు పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం, ఆ మేరకు పూత చెక్కించి ఆరబెట్టిన తరువాతే మళ్ళీ పూయించండి.