కడుపులో పాలిప్స్ ఉన్నాయన్నారు... క్యాన్సర్‌గా మారతాయా?

ప్రశ్న: నా వయసు 46. జనగామ దగ్గర కిరాణా షాపు నడుపుతున్నాను. గ్యాస్, ఛాతీలో మంట ఉండడంతో ఐదేళ్లుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ 40 మాత్ర వేసుకుంటున్నాను. రెండు నెలల క్రితం ఎండోస్కోపీ చేసి కడుపులో ఏడెనిమిది చిన్న పాలిప్స్ (లోపలి పొర మీద బుడిపెలు) ఉన్నాయన్నారు. పెద్దది 5 మిల్లీమీటర్లు. బయాప్సీలో ‘ఫండిక్ గ్లాండ్ పాలిప్, డిస్‌ప్లేసియా లేదు, హెచ్ పైలోరి లేదు’ అని వచ్చింది. మా పెదనాన్న కడుపు క్యాన్సర్‌తోనే పోయారు. నాకు నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు. మూడు కిలోలు తగ్గాను. ముగ్గురు డాక్టర్లు భయం లేదన్నారు. అయినా మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాలా? బయాప్సీ కోసం ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకే ప్రమాదం ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిన రిపోర్టును బట్టి అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు ముందు దశా కాదు. డిస్‌ప్లేసియా లేదంటే కణాల్లో చెడు మార్పు మొదలవలేదని అర్థం. ఈ రకం పాలిప్స్ ఇంత చిన్నగా ఉన్నప్పుడు వాటికోసం మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాల్సిన పనిలేదు. ముక్క తీస్తే పాకుతుందన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది. మీ విషయంలో పాకడానికి అసలక్కడ క్యాన్సరే లేదు.

మరి ఇవి ఎందుకొచ్చాయి? చాలావరకు ఆ మాత్ర వల్లే అయి ఉంటుంది. యాసిడ్ తగ్గేసరికి శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. దాంతో కడుపు పైభాగంలోని గ్రంథులు ఉబ్బి చిన్న బుడిపెల్లా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడేవారిలో ఇది మామూలే. మాత్ర ఆపితే కొందరిలో అవే తగ్గిపోతాయి. అలాగని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే కొన్ని వారాలపాటు మంట ఎగదన్నుతుంది, మీరేమో పాలిప్స్ పెరిగాయనుకుంటారు. 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజుకు, ఆపైన అవసరమైనప్పుడు మాత్రమే... ఇలా మీ డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోండి. గుండె కోసం ఆస్పిరిన్ వంటివి వాడుతుంటే మాత్రం ఆయన్ను అడగకుండా తగ్గించవద్దు.

పెదనాన్నగారి సంగతి. వంశపారంపర్యం లెక్కలో అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లలకు వచ్చిన క్యాన్సర్‌కే ఎక్కువ బరువు ఉంటుంది. పైగా కడుపు క్యాన్సర్‌కు తెలిసిన కారణాల్లో ముఖ్యమైనది హెచ్ పైలోరి బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అది మీకు లేదు. ఒకవేళ పాలిప్స్ ఇరవైకి మించి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పెద్దపేగులో పాలిప్స్ లేదా క్యాన్సర్ వచ్చినా కొలనోస్కోపీ (పెద్దపేగును గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకోమనేవాణ్ని.

ముగ్గురు ఒకే మాట చెప్పాక కూడా నాలుగో వ్యక్తిని అడగాలనిపించిందంటే, ఇప్పుడు వైద్యం కావాల్సింది ఆ భయానికి. ఓపీలో ఇలాంటి వారిని తరచూ చూస్తుంటాం. ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులు. భయం లేదంటే మొహం వెలుగుతుంది, ఓ మూడు రోజులు హాయిగా తింటారు. నాలుగో రోజు మిర్చి బజ్జీ తిన్నాక డొక్కలో గుడగుడమంటుంది. ఇక అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకులాట మొదలు. టెన్షన్‌కు ఆకలి చస్తుంది, కడుపులో మెలిపెట్టినట్టుంటుంది, నాలుగుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వస్తుంది. అవన్నీ నిజమైన బాధలే. వాటినే క్యాన్సర్ గుర్తులనుకోవడంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

అందుకే ఇంకో టెస్టు వద్దంటున్నాను. ముఖ్యంగా క్యాన్సర్ జాడ కోసమంటూ చేసే ‘ట్యూమర్ మార్కర్ల’ రక్తపరీక్షల ప్యాకేజీల జోలికి పోకండి. వాటిలో సీఈఏ అనేది పొగతాగేవారిలోనూ పెరుగుతుంది, సీఏ 19-9 పైత్యనాళంలో రాయి అడ్డుపడినా పెరుగుతుంది. అంకె కాస్త ఎక్కువొచ్చిందంటే సీటీ స్కాన్ దాకా పరుగులే.

తగ్గిన బరువును మాత్రం తేలిగ్గా తీసుకోను. తిండి తగ్గింది కాబట్టి బరువు తగ్గి ఉండొచ్చు. నెల రోజులు వేళకు కడుపునిండా తినండి. షాపులో కాటా ఉంది కదా అని రోజూ ఎక్కకండి, వారానికోసారి చాలు. బాగా తింటున్నా బరువు తగ్గుతూనే ఉంటే మీ డాక్టరుకు చూపించండి. మింగడం కష్టమైనా, హిమోగ్లోబిన్ తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రలు వేసుకుంటే కూడా మలం నల్లబడుతుంది, అది వేరు.

నిద్ర పట్టడం లేదంటున్నారు కాబట్టి సైకియాట్రిస్టును కలవండి. మొహమాటపడాల్సిందేమీ లేదు. ఇలాంటి భయానికి సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. అవసరమైతే మందులూ ఇస్తారు. వాటి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు. వెంటనే వెళ్లడం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రిపూట కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.