కొలతలిచ్చి కార్బన్ ఫ్రేమ్ చేయించుకోవాలా?

ప్రశ్న: సార్, నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, కాళ్ళు పొడుగు, నడుము పైభాగం పొట్టి. రెండేళ్ళుగా కార్బన్ ఫైబర్ సైకిల్ మీద ఆదివారాలు నంది హిల్స్ వెళ్ళొస్తున్నా, దేవనహళ్ళి దాటేసరికే మెడ పట్టేస్తోంది. ఇటలీలో మన కొలతలకు చేత్తో కార్బన్ ఫ్రేమ్ చేసిస్తారట, ఫ్రేమ్‌కే లక్షలవుతుంది. బరువు కూడా తగ్గుతుంది కదా, పెట్టేయమంటారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి

జవాబు: బరువు సంగతి ముందు తేల్చేద్దాం. మీరు, సైకిలు, నీళ్ళ సీసాలు అన్నీ కలిపి 90 కిలోలు అనుకోండి. కొత్త ఫ్రేమ్ 300 గ్రాములు తేలికైతే, 40 నిమిషాల నంది ఎక్కుడులో మీకు మిగిలేది సుమారు 8 సెకన్లు. పైకెళ్ళాక ఇడ్లీ ప్లేటు చేతికి రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. రేసుల్లో కూడా 6.8 కిలోల కన్నా తేలికైన సైకిల్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2000 నుంచి ఒప్పుకోవడం లేదు.

ఇక "చేత్తో చేసింది" అనే మాట. దానికి నేను పెద్దగా పడిపోను. తైవాన్, చైనా ఫ్యాక్టరీల నుంచి వచ్చే మామూలు కార్బన్ ఫ్రేములు కూడా చేత్తో పేర్చినవే. ఎపాక్సీ జిగురు పట్టించిన కార్బన్ షీటును ముక్కలుగా కోసి, ఒక్కో ఫ్రేముకు వందల ముక్కలు, ఏది ఏ కోణంలో పడాలో చార్టు చూసుకుంటూ అచ్చులో అంటిస్తారు. అసలు తేడా ఆ అచ్చులోనే ఉంది. లోహపు అచ్చు చాలా ఖరీదు, పైగా సైజుకొకటి కావాలి, అందుకే కంపెనీ కొన్ని సైజులు చేసి ఊరుకుంటుంది, వాటి మధ్యలో పడ్డవాడు సర్దుకోవాలి. కొలతలకు చేసేవాళ్ళు, వెనిస్ దగ్గరున్న సార్తో కంపెనీ లాంటివాళ్ళు, విడి కార్బన్ గొట్టాలను మీ కొలతకు కోసి, ఒకదాని ఒంపులో ఒకటి సందు లేకుండా కూర్చునేలా చివర్లు తొలిచి అతికిస్తారు. తర్వాత ఆ అతుకు చుట్టూ కార్బన్ పొరలు చుట్టి, గాలి లాగేసి, వేడిలో గట్టిపరుస్తారు. ఈ పని కొత్తదేం కాదు, 1991 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో గ్రెగ్ లెమాండ్ అనే సైక్లిస్టు జట్టు తొక్కిన కార్బన్ ఫ్రేములు క్రెయిగ్ కాల్ఫీ అనే అమెరికన్ కొలతలకు చేసిచ్చినవే. ఈ పద్ధతిలో ఇంకో సుఖం, తొక్కేవాడి బరువును బట్టి పొరలు మార్చుకోవచ్చు. గొట్టం పొడవునా వేసిన పోగులు వంగకుండా ఆపుతాయి, 45 డిగ్రీల ఏటవాలుగా వేసినవి మెలిపడకుండా ఆపుతాయి.

ఇప్పుడు మీ మెడ. రెండు పెడళ్ళ చేతులూ కలిసి తిరిగే ఇరుసు మధ్య నుంచి, హ్యాండిల్ కిందుండే ముందు గొట్టం (హెడ్ ట్యూబ్) పైఅంచు దాకా నిలువు దూరం స్టాక్, అడ్డ దూరం రీచ్. పొడుగు కాళ్ళకు సీటు పైకి లేస్తుంది, హ్యాండిల్ కిందే ఉండిపోతుంది, పొట్టి వీపు దాన్ని అందుకోవడానికి సాగుతుంది, అలా సాగి మెడ ఎత్తి రోడ్డు చూడాలంటే నొప్పి రాక ఏమవుతుంది? మీకు స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్న ఫ్రేమ్ కావాలి. కానీ లక్షలు పోసే ముందు బైక్ ఫిట్ చేయించండి, అంటే మీ ఒంటి కొలతలు తీసి సైకిల్‌ను వాటికి సర్దించండి, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ 100 ఎంఎందైతే తీసి 80 వేసి చూడండి, కంపెనీ చెప్పిన హద్దు లోపల స్టెమ్ కింది రింగులు (స్పేసర్లు) పెంచండి. నేనొకసారి డిస్కౌంట్ చూసి నాకంటే ఒక సైజు పెద్ద ఫ్రేమ్ కొని, "అదే అలవాటవుతుంది" అన్న షాపతని మాట నమ్మి మూడేళ్ళు భుజం నొప్పితో తిరిగాను, చివరికి చిన్న స్టెమ్‌తో సగం తగ్గింది. ఇవన్నీ చేశాక కూడా మెడ పట్టేస్తుంటే అప్పుడు చేయించుకోండి, అప్పుడది దండగ కాదు. ఫిట్ కొలతలు మాత్రం రెండు చోట్ల తీయించుకోండి. టైలర్ అయితే కుట్టు విప్పి మళ్ళీ వేస్తాడు, ఇక్కడ ఒకసారి గట్టిపడ్డాక విప్పడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి కార్బన్ సైకిల్ బేస్‌మెంట్‌లో పడి పై గొట్టం మీద గీత పడింది. షాపువాళ్ళు ఫ్రేమ్ పారేయమన్నారు. నేను విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తేజస్ రెక్కలు కార్బన్‌వే, విమానాల్లో దానికి రిపేర్ చేస్తారు. సైకిల్‌కు ఎందుకు చేయకూడదు?
– రిటైర్డ్ ఉద్యోగి, విమానపుర

జవాబు: చేయొచ్చండీ, మీ అనుమానమే నిజం. ముందు అది పెయింట్ గీతేనా అన్నది చూడాలి. రూపాయి బిళ్ళతో గొట్టం పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. అంతటా టక్ టక్ మని గట్టిగా వినిపించి, గీత దగ్గర మాత్రం మొద్దుగా వినిపిస్తే లోపల పొరలు విడిపోయినట్టే. అంతా ఒకేలా వినిపించినంత మాత్రాన బాగుందని తేల్చేయలేం, అల్ట్రాసౌండ్‌తో చూడటమే సరైనది, ఆ సంగతి మీకు నేను చెప్పాలా. స్టీలు వంగుతుంది, అల్యూమినియం సొట్టపడుతుంది, కార్బన్ మాత్రం పైకి ఏమీ తెలియనివ్వదు, అదే దీంతో తలనొప్పి. రిపేర్ అంటే దెబ్బ చుట్టూ ఏటవాలుగా అరగదీసి, పాత పోగుల దిశలోనే కొత్త పొరలు వేసి గట్టిపరచడం. పై గొట్టానికి ఈ పని బాగా కుదురుతుంది. దెబ్బ ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుకు తగిలి ఉంటే మాత్రం వాదన వద్దు, కొత్తది వేయించండి. తేలేదాకా బాబును ఆ సైకిల్ ఎక్కనివ్వకండి.

ప్రశ్న: నా కార్బన్ సైకిల్‌కు సీటు కింది గొట్టం, సీట్ పోస్ట్, జారిపోతోందని మెకానిక్ గ్రీజు రాశాడు, ఇప్పుడు ఇంకా జారుతోంది!
– ఓ పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: జారక ఏం చేస్తుందమ్మా! గ్రీజు పూర్తిగా తుడిచేసి కార్బన్ పేస్ట్ రాయించండి, అందులోని సన్నటి రవ్వ పట్టు ఇస్తుంది. పోస్ట్‌ను బిగించే క్లాంప్ మీద ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది, చాలావాటికి 5 ఉంటుంది, బిగింపు కొలిచే టార్క్ రెంచితో అంతే బిగించమనండి, చేతి బలం కొద్దీ బిగిస్తే గొట్టం పగులుతుంది. పోస్ట్ అల్యూమినియందైతే ఏడాదికి రెండు మూడుసార్లు బయటికి తీసి తుడవండి, చెమట దిగితే అల్యూమినియం కార్బన్ పక్కన తుప్పుపట్టి లోపలే పట్టేసుకుంటుంది.