మీ ప్రశ్నలు – మా జవాబులు: ఊళ్లో హత్య, పక్కింటి డిటెక్టివ్

ఇంగ్లండ్ పల్లెటూళ్లలో పోలీసు ఉద్యోగం లేని మామూలు మనిషి హత్య గుట్టు విప్పే కథలున్నాయి చూడండి, వాటి మీద ఈసారి నెల్లూరు, ప్రకాశం వైపు పాఠకులు రాసిన ఉత్తరాలకే జాగా అంతా ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అగాథా క్రిస్టీ కథల్లో మిస్ మార్పుల్ అనే ముసలావిడ ఊళ్లో కూర్చుని హంతకుల్ని పట్టేస్తుంటుంది. లండన్ పోలీసులు, అదే స్కాట్లండ్ యార్డ్ వాళ్లకి అంతుబట్టనిది, ఉన్ని అల్లుకునే ఆవిడకి ఎలా తెలుస్తుంది? నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: మీరు ఆవిడ తెలివి ఒక్కటే చూస్తున్నారమ్మా. తెలివి కంటే పెద్ద పెట్టుబడి ఇంకొకటి ఉంది ఆవిడ దగ్గర. సెయింట్ మేరీ మీడ్ అనే ఆ చిన్న ఊళ్లో ఎవరు ఎవరికి బాకీ, పనిమనిషి ఎందుకు మానేసింది, కొట్టువాడు ఎవరి దగ్గర నసుగుతాడు, ఇవన్నీ ఏళ్ల తరబడి చూసి గుర్తుపెట్టుకుంది. ఆవిడ మొదటిసారి కనిపించింది 1927 డిసెంబరులో ఒక పత్రికలో వచ్చిన చిన్న కథలో. కొంతమంది చేరి, తమకు తెలిసిన చిక్కుముడి కథ తలా ఒకటి చెప్పుకుందాం అనుకుంటారు. స్కాట్లండ్ యార్డ్‌లో కమిషనర్‌గా చేసి దిగిపోయిన పెద్దమనిషి కూడా ఉంటాడు అందులో. మార్పుల్‌ని అడిగితే ఆవిడ చెప్పింది ఏంటంటే, ఊళ్లో ఒకావిడ ఒలిచిన రొయ్యలు కొని, ఇంకో రెండు కొట్లకు వెళ్లి, ఇంటికొచ్చి చూసుకుంటే రొయ్యలు లేవట. అంతే! మిగతావాళ్లకు అదొక లెక్కలోకి వచ్చే విషయంలా కనిపించలేదు. కానీ ఆ రోజు చెప్పుకున్న హత్య కథకి సరైన జవాబు చెప్పింది ఆ రొయ్యల ఊసు ఎత్తిన మార్పులే.

రొయ్యల ఊసు కాబట్టి మన నెల్లూరు వైపు వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సంతలో సంచి ఎక్కడ పెట్టాం, పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు తొందరపెట్టారు అని వెనక్కి తలుచుకుంటూ పోయే బుర్ర ఉందే, హత్య దగ్గరా అదే పనిచేస్తుంది. పైగా ఇంకో సంగతి ఉంది. అరుగు మీద కూర్చున్న అవ్వ ముందు ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు, ఆవిడ వింటోందన్న ఆలోచనే రాదు మనకి. మార్పుల్ బలం అక్కడుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి రాగానే అందరూ సర్దుకుని కూర్చుంటారు, ఆవిడ వస్తే టీ పెట్టి తమ గోడు చెప్పుకుంటారు.

మార్పుల్ నవలలు 12, చిన్న కథలు 20. నవలల్లో మొదటిది 1930లో వచ్చింది. మీరు చిన్న కథలతో మొదలుపెట్టండి, ఆవిడ ఆలోచించే తీరు అక్కడే తేటగా పట్టుబడుతుంది.

ప్రశ్న: కథలు సరే. నిజంగా ఏ పల్లెలోనైనా పోలీసు కానివాడు విషప్రయోగాన్ని పట్టుకున్న దాఖలా ఉందా?
– రిటైర్డ్ టీచరు, పొదిలి

జవాబు: ఉంది మాస్టారూ, ఇది నాకు చాలా ఇష్టమైన కేసు. ఇంగ్లండ్ సరిహద్దుని ఆనుకుని వేల్స్ వైపు హే అనే చిన్న ఊరుంది. అక్కడ హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే సొలిసిటర్, అంటే ఒక రకం లాయరు, ఉండేవాడు, మనిషి చూడ్డానికి మర్యాదస్థుడు. 1921 ఫిబ్రవరిలో అతని భార్య చనిపోయింది. ఆరోగ్యం బాగాలేని మనిషి కాబట్టి జబ్బుతోనే పోయిందని అందరూ అనుకున్నారు, పాతిపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో, ఎదురుగా ప్రాక్టీసు చేసే మార్టిన్ అనే ఇంకో సొలిసిటర్‌ని ఆర్మ్‌స్ట్రాంగ్ టీకి పిలిచి, స్కోన్ అనే రొట్టె తన చేత్తో తీసి అందించాడు. ఆ రాత్రే మార్టిన్‌కి వాంతులు పట్టుకున్నాయి. డాక్టర్ పైత్యం అనుకున్నాడు.

మార్టిన్ మామగారు డేవిస్ ఆ ఊళ్లో మందుల షాపు నడిపేవాడు. కలుపు మొక్కల్ని చంపడానికి అని చెప్పి ఆర్మ్‌స్ట్రాంగ్ తన దగ్గరే ఆర్సెనిక్ అనే విషం కొన్న సంగతి ఆయనకి గుర్తుంది. ఆర్సెనిక్ అమ్మితే ఎవరికి, ఎంత, ఎందుకు అని పుస్తకంలో రాసుకోవాలని ఆ దేశంలో 1851లోనే చట్టం చేశారు. ఇక్కడ ఆయన చేసిన పనికి దండం పెట్టాలి. వీధిలోకెళ్లి అరవలేదు, ఆర్మ్‌స్ట్రాంగ్ గల్లా పట్టుకోలేదు. డాక్టర్‌తో మాట్లాడి, అల్లుడి మూత్రం సీసాలో పట్టించి లండన్ ల్యాబ్‌కి పంపించారు. దాంతోపాటు, అంతకుముందు ఎవరో పేరు లేకుండా మార్టిన్ ఇంటికి పంపిన చాక్లెట్ల డబ్బాలో మిగిలినవీ పంపించారు. రెండింట్లోనూ ఆర్సెనిక్ తేలింది.

తర్వాత పోలీసులు చడీచప్పుడు లేకుండా ఆధారాలు కూడబెడుతున్నన్నాళ్లూ ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ మళ్లీ టీకి రమ్మనడం, మార్టిన్ ఏదో సాకు చెప్పి తప్పించుకోవడం! ఆ ఇంట్లోవాళ్లు పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1921 డిసెంబరు 31న అరెస్టు చేశారు. జనవరిలో భార్య శవాన్ని తవ్వి తీస్తే అందులోనూ ఆర్సెనిక్ దండిగా ఉంది. 1922 మే 31న అతన్ని ఉరితీశారు. బ్రిటన్‌లో హత్య కేసులో ఉరిపడ్డ ఒకే ఒక్క సొలిసిటర్ అతను.

ప్రశ్న: మా పెదనాన్న రెండు నెలల కింద ఉన్నట్టుండి చనిపోయాడు. గుండెపోటు అన్నారు, పోస్టుమార్టం లేదు, మా పొలంలోనే సమాధి చేశారు. ఇప్పుడు ఊరంతా చిన్న కోడలే మజ్జిగలో ఏదో కలిపిందని చెవులు కొరుక్కుంటున్నారు. నేను డిటెక్టివ్ నవలలు బాగా చదువుతాను. ఆ రోజు ఎవరెవరు వచ్చారు, ఎవరేమన్నారు అన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. వదిన్ని కూర్చోబెట్టి అడిగి నిజం రాబట్టాలని ఉంది. ఎలా మొదలుపెట్టను?
– ఒక పాఠకురాలు, కనిగిరి దగ్గర పల్లె

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట వెనక్కి తీసుకో. వదిన్ని కూర్చోబెట్టి అడగొద్దు. ఎందుకు చెబుతున్నానో కాస్త ఓపిగ్గా చదువు.

1860 జూన్ నెలాఖరున ఇంగ్లండ్‌లో రోడ్ అనే పల్లెలో, ఒక పెద్దింట్లో, నాలుగేళ్లు కూడా నిండని పిల్లవాడిని రాత్రి మంచం మీంచి ఎత్తుకెళ్లి గొంతు కోసి పెరటి మరుగుదొడ్డిలో పడేశారు. బయటి నుంచి ఎవరో బలవంతంగా చొరబడిన గుర్తులు లేవు కాబట్టి ఇంట్లోవాళ్ల పనే అనుకున్నారు. దేశమంతా డిటెక్టివ్ అయిపోయింది. ఊరూపేరూ లేని జనం పత్రికలకీ పోలీసులకీ తమ ఊహలు రాసి కుప్పపోశారు. ఎక్కువమంది చెప్పింది ఏంటంటే, తండ్రికీ ఆయాకీ సంబంధం ఉంది, పిల్లవాడు చూశాడు, అందుకే చంపేశారు అని. ఆ ఆయాని అరెస్టు కూడా చేశారు, మళ్లీ వదిలారు.

లండన్ నుంచి వచ్చిన విచర్ అనే డిటెక్టివ్ మాత్రం ఒక చిన్న విషయం దగ్గర ఆగాడు. చాకలికి వేసిన బట్టల పద్దులో పదహారేళ్ల సవతి అక్క కాన్‌స్టెన్స్ నైట్‌గౌను ఒకటి తక్కువ వచ్చింది. చాకలి ఆవిడే పోగొట్టిందని ఇంట్లోవాళ్లు అన్నారు. బట్టల మూట కట్టే రోజున ఆ పిల్ల, మూట దగ్గరున్న పనిమనిషిని మంచినీళ్లు తెమ్మని కిందికి పంపిందట. ఆ కాస్త వ్యవధిలో గౌను వెనక్కి తీసుకుందని విచర్ లెక్క. కానీ గౌను దొరకలేదు, కోర్టు ఆ పిల్లని వదిలేసింది, ఒక పెద్దింటి ఆడపిల్ల మీద నింద వేశాడని జనం విచర్‌ని దుమ్మెత్తిపోశారు. ఐదేళ్లకి, 1865లో, కాన్‌స్టెన్స్ తనంతట తానే వచ్చి నేరం ఒప్పుకుంది. అప్పటికి విచర్ ఆరోగ్యం చెడి ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. ఆ ఐదేళ్లూ తండ్రీ ఆయా మోసిన నింద ఎవరు తీరుస్తారు చెప్పు?

మీ ఊళ్లో చెవులు కొరుక్కోవడం కూడా అలాంటిదే కావచ్చు, నిజమూ కావచ్చు. ఇప్పుడు నీ నోటుబుక్కుని రెండు ముక్కలు చెయ్యి. నీ కళ్లతో చూసింది ఒకవైపు, ఎవరో చెప్పగా విన్నది ఇంకోవైపు. పెదనాన్నకి వాంతులయ్యాయా, నురగ వచ్చిందా, చెమటలు పోశాయా, ఏ టైముకి, చూసిన డాక్టరో ఆర్‌ఎంపీయో ఏం మందు ఇచ్చాడు, చీటీ ఉందా, ఇవన్నీ మొదటివైపు రావాలి. మజ్జిగ మాట ఎవరి నోటి నుంచి మొదట వచ్చిందో, వాళ్లకీ వదినకీ పొలం గొడవలేమైనా ఉన్నాయేమో కూడా చూసుకో. అది నువ్వు ఎవరినీ అడగకుండానే తెలిసే సంగతి.

మొదటివైపు నిజంగా సరుకుంటే, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లతో కలిసి వెళ్లి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, చట్టంలోనే ఆ దారి ఉంది. సమాధి చేశారు కాబట్టి మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో శవాన్ని తీసి పోస్టుమార్టం చేయించే వీలుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య విషయంలో పది నెలలు దాటాక కూడా ఆర్సెనిక్ దొరికింది, కానీ అన్ని విషాలూ అలా నిలిచి ఉండవు. మనవైపు పురుగుల మందుల్లో కొన్ని తొందరగా విరిగిపోతాయి. కాబట్టి వెళ్లేదుంటే వారాల తరబడి నానబెట్టొద్దు. రెండోవైపు మాత్రమే నిండి ఉంటే, ఆ పేజీలు చించెయ్యి తల్లీ, వదిన ఇంటికెళ్లి ఆవిడ ఎలా ఉందో చూసి రా. మొగుడి ఊళ్లో అందరి చూపుల మధ్యా బతుకుతున్న మనిషి.

ప్రశ్న: మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌కి లైసెన్సు ఎవరిస్తారు?
– కోవూరు పాఠకుడు

జవాబు: దానికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2007లో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. కాబట్టి అరెస్టు, సోదా లాంటివి వాళ్ల చేతిలో లేవు. హత్య సంగతి తెలిస్తే పోలీసులకి చెప్పడం మాత్రం మనలో ప్రతి ఒక్కరికీ చట్టం పెట్టిన బాధ్యత.

ప్రశ్న: మా టంగుటూరు పక్క పల్లె పెట్టి ఇలాంటి నవల రాద్దామనుకుంటున్నాను. చర్చి ఫాదర్ బదులు పూజారి, జమీందారు బంగళా బదులు ప్రెసిడెంటు మేడ పెడితే సరిపోతుందా?
– ఒక యువ రచయిత

జవాబు: సరిపోదు బాబూ, అలా రాస్తే పేర్లు మాత్రమే మనవి, ఊరు వాళ్లదే అవుతుంది. వాళ్ల కథలో అనుమానపు చావు వస్తే కరోనర్ అనే అధికారి జ్యూరీని కూర్చోబెట్టి విచారణ జరుపుతాడు, 1194 నుంచీ ఉన్న పద్ధతి అది, ఊరంతా వెళ్లి వింటారు, కథకుడికి అందరి సాక్ష్యమూ ఒకే గదిలో దొరికిపోతుంది. మనకి ఆ సదుపాయం లేదు. ఎస్సై వచ్చి, ఊరివాళ్లని పంచాయతీదార్లుగా నిలబెట్టి శవ పంచనామా రాయిస్తాడు. ఆ సంతకం పెట్టడానికి ఎవరు ముందుకొచ్చారు, ఎవరు ఆ పూట ఊళ్లో లేకుండా పోయారు, నీ కథ అక్కడ మొదలుపెట్టు.

మీ వైపు పొగాకు బ్యారన్‌లు, అంటే పచ్చి ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టాలు, ఉన్నాయి కదా. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా ఒకరు మేలుకుని మంట ఎగదోస్తూ, థర్మామీటర్ చూసుకుంటూ ఉండాలి. నిద్రపోతే ఆకు పాడైపోతుంది, వేలంలో ధర పడిపోతుంది. అంటే అర్ధరాత్రి రెండింటికి డొంకలో బండి పోయిందంటే, లైటు ఆర్పేసి పోయిందంటే, చూసే మనిషి ఒకరు ఖాయంగా ఉన్నారు. ఇంతకంటే మంచి సాక్షి ఏ ఇంగ్లీషు నవలలోనూ దొరకడు. పరిశోధించే మనిషి కావాలంటే గడప గడపకీ తిరిగే ఆశా కార్యకర్తని చూడు. ఎవరింట్లో ఎవరికి ఏ మాత్ర, ఎవరు ఎవరికి అన్నం పెట్టడం మానేశారు, అన్నీ ఆవిడకి తెలుసు.

ఒక నియమం మాత్రం వాళ్ల దగ్గర తెచ్చుకో. రోనాల్డ్ నాక్స్ అనే ఫాదర్ 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు, అందులో ఒకటి, కనిపెట్టిన ఆధారాన్ని పాఠకుడికి వెంటనే చూపించాలని. బ్యారన్ దగ్గర కూర్చున్నవాడు బండి చూశాడని నువ్వు మూడో అధ్యాయంలోనే చెప్పెయ్, బోలెడు కబుర్ల మధ్యలో చెప్పు, దాచొద్దు. ముందు ఆ మూడు అధ్యాయాలూ రాసి పంపు, చదివి పెడతాను.