అడవి అంచున మట్టి ఇల్లు కట్టుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆత్మకూరు దాటాక నల్లమల అంచున కొన్న స్థలంలో మట్టి గోడలు పెట్టి, బోదగడ్డి కప్పు వేసి ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. అయితే అక్కడ ఆకు రాలే కాలం మొదలు తొలకరి వరకు, అంటే ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా, అడవికి నిప్పు భయం ఉంటుంది. నలభై ఏళ్ళు మట్టి గోడలు పెట్టించినవాడిగా నాకు తెలిసినది ముగ్గు పోయకముందే నీకు చెప్పాలని రాస్తున్నాను.

అడవి మంట ఎదురుగా వచ్చి ఇంటిని చుట్టేస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువ ఇళ్ళు కాలేది గాలికి ఎగిరి వచ్చిన నిప్పురవ్వల వల్ల. మా కొట్టం కాలిపోయిన రోజున మంట మా పొలం గట్టు దాకా కూడా రాలేదు. ఒక రవ్వ వచ్చి చూరు కింద, గోడ తలకూ గడ్డికీ మధ్య ఉన్న బెత్తెడు సందులో, పిచ్చుక పెట్టుకున్న ఎండుగడ్డి గూటిలో పడింది. కొండ మీద మంట తగ్గిందని మేము అన్నానికి కూర్చున్నాము. చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి ఆ సందులోంచి దారపు పోగంత పొగ లేస్తోంది. నిచ్చెన తెచ్చేలోగానే కప్పంతా అంటుకుంది. ఎద్దులను విప్పగలిగాము గాని, మేత మొత్తం పోయింది. మరునాడు చూస్తే మట్టి గోడలు లోపలివైపు ఇటుకలా ఎర్రబారి, చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

అందువల్ల గోడల గురించి నీకు బెంగ అవసరం లేదు. మట్టి కాలదు. వెదురు తడిక గోడ పెట్టినా, రెండు వైపులా మట్టి మందంగా మెత్తి, ఏటా పగుళ్ళు పూడ్చుకుంటే గాలి అందక లోపలి వెదురు అంత త్వరగా అంటుకోదు. గడ్డికట్టలతో కట్టిన గోడలను 2006లో అమెరికాలో కొలిమిలాంటి మంటకు పెట్టి పరీక్షిస్తే, మట్టి పూసినది గంటసేపు, సున్నం సిమెంటు కలిపి పూసినది రెండు గంటలు నిలిచాయి. గోడను కాపాడేది పూతే కాబట్టి, దానికి పెట్టే ఖర్చు తగ్గించకు.

నీ జాగ్రత్తంతా కప్పు మీద పెట్టు. నా మాట వింటే బోదగడ్డి మానుకుని మన సీమ పద్ధతిలో మట్టి మిద్దె వేయించు: దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన బండలు, బండల మీద చవుడు మన్ను. దాని మీద ఎన్ని రవ్వలు పడినా ఆరిపోవలసిందే. కాని ఆరంగుళాల మన్ను చదరపు అడుగుకు సుమారు పాతిక కిలోలు తూగుతుంది, వానకు తడిస్తే ఇంకా పెరుగుతుంది. దానికి తగిన కర్ర, మందమైన గోడ ఉండాలి. ఏటా వానలకు ముందు చవుడు కొత్తగా పోయించుకోవాలి.

మట్టి మిద్దెకు నీ మనసు ఒప్పుకోక గడ్డి కప్పే కావాలనుకుంటే, దాని కింద కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక తప్పకుండా కట్టించు. పైకప్పు కాలి కూలినా మంట లోపలికి దిగడానికి సమయం పడుతుంది, మనుషులు బయటపడతారు. గడ్డి మీద తారు కలిపిన మట్టి పూత వేసే పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించింది. అది వానకు కరగదు, రవ్వను త్వరగా అంటుకోనివ్వదు. చూరు సందులన్నీ మట్టితో పూడ్పించు. గాలికోసం వదిలిన రంధ్రాలకు మూడు మిల్లీమీటర్లకు మించని కళ్ళున్న ఇనుప జాలీ బిగించు. ప్లాస్టిక్ జాలీ వేడికి కరిగిపోతుంది.

ఇంటి చుట్టూ అయిదడుగుల మేర బేతంచెర్ల బండలు పరిపించు. అక్కడ పూలతీగలు, కట్టెల మోపులు, చాపలు ఏవీ ఉండకూడదు. వరండా మూలలో పేరుకున్న గుప్పెడు ఎండుటాకు చాలు, తలుపు అంటుకోవడానికి. ఆ తరువాత ముప్పై మీటర్ల దాకా ఎండుగడ్డి కోయించి, చెట్ల కింది కొమ్మలు నరికించు. గడ్డివామి ఆ హద్దు అవతలే వేసుకో. మంట కొండ ఎక్కేటప్పుడు వేగం పెంచుకుంటుంది. నీ స్థలం కొండ మొదట్లో ఉండడం కొంత మేలే గాని, రవ్వలకు ఎత్తుపల్లాలు లేవు.

మంటలప్పుడు కరెంటు పోతే బోరు మోటారు పనిచేయదు. ఎత్తైన దిమ్మె మీద నీళ్ళ తొట్టి కట్టించి, చూరు దాకా అందే పైపు పెట్టుకో. భారత అటవీ సర్వే సంస్థ వారి వన్ అగ్ని పోర్టల్‌లో నీ ఫోన్ నంబరు నమోదు చేసుకుంటే, ఉపగ్రహాలకు కనిపించిన మంటల సమాచారం సందేశంగా వస్తుంది. పొమ్మన్నప్పుడు మాత్రం ఇల్లు కాపాడుకుంటానని ఆగకు. తలుపులు, కిటికీలు మూసి, గొడ్లను విప్పి, పిల్లలను తీసుకుని బయలుదేరు. మంట దాటిపోయి తిరిగి వచ్చాక, కనీసం ఆ రాత్రంతా గంటకోసారి నిచ్చెన వేసుకుని చూరు చుట్టూ చూడు. మేము చేయనిది అదే.

దూలాలకు బయానా ఇచ్చే ముందు వాటి పొడవు, మందం నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య