పరుగుల కంటే ముందు చుక్కలు లెక్కపెట్టండి

ప్రశ్న: టెస్టు సిరీస్ నడుస్తుండగా ఒక బ్యాటర్ ఫామ్ పోయిందా లేదా అన్నది మనలాంటి అభిమానులు ఎలా చెప్పగలరు? ఎవరిని తీసేయాలి, ఎవరిని ఏ స్థానంలో పంపాలి అని వాదించుకున్న మీ అనుభవం ఏదైనా ఉందా?

ఉంది. 2020-21లో మనవాళ్లు ఆస్ట్రేలియా వెళ్లి ఆడిన సిరీస్. ఆ నెల రోజులు మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో జరిగినంత గొడవ అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. అందులో ఒక విషయంలో నేను పూర్తిగా తప్పు మాట్లాడాను. నేను నేర్చుకున్నదంతా ఆ తప్పు నుంచే కాబట్టి దాని గురించే రాస్తాను.

అడిలైడ్‌లో గులాబీ బంతితో ఆడిన మొదటి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 36 పరుగులకే ఆలౌట్ అయ్యారు. ఆస్ట్రేలియా పేసర్ హేజిల్‌వుడ్ 8 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. షమీ చెయ్యి విరిగింది. బిడ్డ పుట్టబోతోందని కోహ్లీ ఇంటికి బయల్దేరాడు. ఇక గ్రూపులో ఎవరికి తోచిన జట్టు వాళ్లు రాసి పెట్టేశారు. పృథ్వీ షాను తీసేయాలన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. రెండు ఇన్నింగ్స్‌లోనూ బ్యాటుకీ ప్యాడుకీ మధ్య సందులోంచే బౌల్డ్ అయ్యాడు మరి. పుజారా మీద సగం సగం చీలిపోయాం. నా గొడవంతా హనుమ విహారి కోసం.

విహారి కాకినాడలో పుట్టినవాడు. మా అమ్మమ్మగారి ఊరూ కాకినాడే. అందుకని గ్రూపులో అతని వకీలు నేనే. అడిలైడ్‌లో 16, 8 కొడితే "అందరూ అంతే కదా" అన్నాను. మెల్‌బోర్న్‌లో గెలిచాం, అందులో అతనివి 21. "గెలిచిన జట్టును మారుస్తారా" అన్నాను. సిడ్నీ మొదటి ఇన్నింగ్స్‌లో 4 పరుగులకే రనౌట్ అయ్యాడు. న్యూజెర్సీలో ఉన్న మా స్నేహితుడు ఆ నాలుగు అంకెలూ వరసగా పెట్టాడు: 16, 8, 21, 4. కింద ఒకే మాట: "మీ ఊరివాడని ఇంకెన్నాళ్లు మోస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. రోజంతా ఆలోచించి ఆదివారం రాత్రి నేనే రాశాను: "సరే, బ్రిస్బేన్‌లో విహారి వద్దు. ఫామ్‌లో లేడు."

అదే టెస్టులో పుజారా మీద గొడవ ఇంకా పెద్దది. మొదటి ఇన్నింగ్స్‌లో 176 బంతులు ఆడి 50 కొట్టాడు. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రికీ పాంటింగ్ అంతటివాడే, ఇంకాస్త చొరవగా ఆడాలి, ఈ నెమ్మది వల్ల అవతలి బ్యాటర్ల మీద ఒత్తిడి పడుతోంది అన్నాడు. ఇక మావాళ్లకు పట్టపగ్గాలు లేవు. స్ట్రైక్ రేట్, అంటే వంద బంతులకు ఎన్ని పరుగులన్న లెక్క, దాని స్క్రీన్‌షాట్లు వచ్చిపడ్డాయి.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి. కాకినాడలోనే ఉంటారు. వయసులో ఉన్నప్పుడు లోకల్ టోర్నమెంట్లకు స్కోరు రాసేవారు. రిటైరయ్యాక కూడా టీవీ ముందు స్కోరు పుస్తకం పెట్టుకుని బంతి బంతికీ రాస్తారు. స్కోరు రాయడం చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పరుగు రాని బంతికి ఒక చుక్క పెడతారు. ఒక ఓవర్లో ఆరూ చుక్కలే అయితే వాటిని గీతలతో కలిపి ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం చేస్తారు, అదే మెయిడెన్. పెదనాన్న పుస్తకంలో బ్యాటర్ల పేజీ కంటే బౌలర్ల పేజీ ముందు నలుగుతుంది.

ఆదివారం రాత్రి ఫోన్‌లో నా బాధంతా ఆయన దగ్గర వెళ్లగక్కాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఎన్ని కొట్టాడో చెప్పావు. ఎన్ని బంతులాడాడో చెప్పలేదేంట్రా?" నాకు తెలియదు. నాకు తెలియదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. "2018లో మెల్‌బోర్న్‌లో వీణ్ణి ఓపెనర్‌గా పంపారు గుర్తుందా? 8 కొట్టాడు. 66 బంతులాడాడు. కొత్త బంతి మెరుపంతా వాడి మీదే పోయింది. తర్వాత వచ్చినవాళ్లు హాయిగా ఆడుకున్నారు. నీ లెక్కలో అది ఫెయిలూ!" ఆ మ్యాచ్ నేనూ చూశాను. ఓపెనర్ 8కి అవుట్ అన్న ఒక్క ముక్కే గుర్తుంది నాకు.

తెల్లారితే సోమవారం, 2021 జనవరి 11. గెలవాలంటే 407 కొట్టాలి, లేదా రోజంతా నిలబడాలి. ముందు రోజే రెండు వికెట్లు పోయాయి. ఐదింటికే లేచి కూర్చున్నాను. ఆట మొదలైన కాసేపటికే లయన్ బంతికి రహానే, బ్యాటర్‌కు దగ్గరగా షార్ట్ లెగ్‌లో కాసినవాడికి దొరికిపోయాడు. తర్వాత రావాల్సింది విహారి. వచ్చింది పంత్! మొదటి ఇన్నింగ్స్‌లో మోచేతికి దెబ్బ తగిలి కీపింగ్ కూడా చేయలేకపోయినవాడు. గ్రూపు ఒక్కసారిగా భగ్గుమంది. డ్రా చేసుకోవాల్సిన రోజున కొట్టేవాణ్ణి ముందు పంపుతారా అని.

ఆ నిర్ణయం ఎంత తెలివైనదో గంటలో తేలిపోయింది. లయన్ ఆఫ్ స్పిన్నర్, పంత్ ఎడమచేతివాటం. కుడిచేతివాళ్లను లయన్ వరసపెట్టి బిగించేయకుండా మధ్యలో ఒక ఎడమచేతివాణ్ణి దించారు. పంత్ ముందుకొచ్చి లయన్‌ను బాదడం మొదలుపెట్టగానే దగ్గర కాసినవాళ్లంతా వెనక్కి జరిగారు. 118 బంతుల్లో 97. కీపర్ పెయిన్ అతని క్యాచ్‌లు రెండు వదిలేశాడు, అదృష్టం కలిసొచ్చిన మాట నిజమే. అవతల పుజారా మాత్రం తన పద్ధతిలోనే నిలబడ్డాడు. ఆ ఇద్దరూ కలిసి 148 చేశారు. పుజారా నెమ్మది వల్ల భాగస్వామి మీద ఒత్తిడి పడుతుందని మొన్నటిదాకా అన్నాం కదా. ఆ రోజు పంత్ అంత ధైర్యంగా ఊపగలిగింది అవతలి వికెట్ పడదన్న నమ్మకంతోనే అని నాకనిపించింది.

పంత్ పోయాడు. 77 దగ్గర పుజారా కూడా హేజిల్‌వుడ్ బంతికి బౌల్డ్. 272కి 5. జడేజా బొటనవేలు అప్పటికే విరిగింది. ఇంకా 43 ఓవర్లున్నాయి. క్రీజులో విహారి, అశ్విన్.

విహారి ఒక పరుగు కోసం పరిగెత్తబోయి తొడ పట్టుకున్నాడు. తొడ వెనక కండరం పట్టేసింది. ఫిజియో వచ్చి కట్టు కట్టి వెళ్లాడు. అప్పటినుంచి పరిగెత్తడమన్నదే లేదు. అశ్విన్‌కు ఆ పొద్దున నడుం నొప్పితో వంగి బూటు లేసులు కట్టుకోవడమే కష్టమైందని తర్వాత అతని భార్య రాస్తే తెలిసింది. ఒకడు పరిగెత్తలేడు, ఇంకొకడు వంగలేడు. ఇద్దరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారు, స్టంప్ మైకులో వినబడుతోంది.  

పదింటికి నాకు ఆఫీసు మీటింగ్. కెమెరా ఆపి, ఫోన్ గోడకు ఆనించి, సౌండ్ తీసేసి చూస్తున్నాను. విహారి ముందు కాలు చాపి, తల బంతి మీదకు వంచి, బ్యాటు అంచు ప్యాడుకు దాదాపు ఆనించి ఆపుతున్నాడు. బంతి కాళ్ల దగ్గరే చచ్చి పడిపోతోంది. ఆపిన ప్రతిసారీ కాలు మెల్లగా వెనక్కి లాక్కుంటున్నాడు, ఆ లాగడంలోనే నొప్పి తెలుస్తోంది. షార్ట్ బంతులు అశ్విన్ ఛాతీకి, పక్కటెముకలకు తగులుతున్నాయి. నాకు చేతులు చల్లబడిపోయాయి. గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు, రెండు గంటలు. స్ట్రైక్ రేట్ స్క్రీన్‌షాట్లు పెట్టినవాళ్లూ పలకలేదు. న్యూజెర్సీవాడికి అర్ధరాత్రి దాటిపోయింది. వాడు ఒక్కసారే రాశాడు: "నిద్ర రావట్లేదురా."

విడిపోని ఆరో వికెట్‌కు 62 పరుగులు, 259 బంతులు. అశ్విన్ 128 బంతుల్లో 39. విహారి 161 బంతుల్లో 23. మ్యాచ్ డ్రా. నేను తీసేయమన్న మనిషి.

సాయంత్రం పెదనాన్న తన పుస్తకం పేజీ ఫోటో తీసి పంపారు. బ్యాటర్లది కాదు, ఆస్ట్రేలియా బౌలర్లది. పేజీ నిండా చుక్కలే. చుక్కల ముగ్గు పెట్టబోయి కలపకుండా వదిలేసినట్టుంది. అడుగున మొత్తాలు: లయన్ 46 ఓవర్లు, కమిన్స్ 26, హేజిల్‌వుడ్ 26, స్టార్క్ 22. ఎర్ర ఇంకుతో దాని కింద, "వీళ్లకు మధ్యలో మూడే రోజులు. బ్రిస్బేన్‌లో చూడు" అని రాశారు.

సంక్రాంతికి కాకినాడ వెళ్లాను. కనుమ రోజునే బ్రిస్బేన్ టెస్టు మొదలైంది. ఆయన పక్కన కూర్చుని చూసిన మ్యాచ్ అదొక్కటే, అందుకు ఇప్పటికీ సంతోషం. విహారి, అశ్విన్, జడేజా, బుమ్రా ఎవరూ లేరు, అందరికీ దెబ్బలే. నటరాజన్, వాషింగ్టన్ సుందర్ కొత్తవాళ్లు. మన హైదరాబాద్ సిరాజ్‌కు అది మూడో టెస్టే, అయినా బౌలర్లలో అనుభవం ఎక్కువున్నవాడు అతనే. నవంబరులో తండ్రి చనిపోతే కడసారి చూపుకు కూడా రాకుండా జట్టుతోనే ఉండిపోయిన కుర్రవాడు, రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీస్తే పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

చివరి రోజు లక్ష్యం 328. పుజారా 211 బంతులు ఆడి 56 కొట్టాడు. పగుళ్లున్న కొసనుంచి లేచిన బంతులు హెల్మెట్‌కు, వేళ్లకు, భుజానికి, పక్కటెముకలకు తగిలాయి. బ్యాటు అడ్డం పెడితే క్యాచ్ అవుతుందని ఒళ్లు అడ్డం పెట్టాడు. అవతల గిల్ 91 కొట్టాడు, స్టార్క్ వేసిన ఒక్క ఓవర్లోనే 20 పరుగులొచ్చాయి. నాలుగు టెస్టులూ ఆస్ట్రేలియా అదే నలుగురు బౌలర్లతో ఆడింది. పుజారా సిరీస్ మొత్తంలో ఆస్ట్రేలియా చేత 928 బంతులు వేయించాడు. ఆ సాయంకాలం పంత్ 89తో నాటౌట్‌గా నిలిచి గెలిపించినప్పుడు స్టార్క్‌కు ఆ ఇన్నింగ్స్‌లో ఒక్క వికెట్టూ లేదు. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఆ మైదానంలో ఓడిపోవడం అదే మొదటిసారి.

అందుకని మీ ప్రశ్నకు నా జవాబు ఇది. టెస్టుల్లో ఒకడి ఫామ్ చూడాలంటే ముందు ఎన్ని బంతులు ఆడాడో చూడండి. తర్వాత ఎలా అవుటయ్యాడో చూడండి. పృథ్వీ షా రెండుసార్లూ ఒకే సందులోంచి బౌల్డ్ అయ్యాడు, అది ఫామ్ సమస్యే. ఆ సిరీస్‌లో పుజారాను కమిన్స్ ఐదుసార్లు అవుట్ చేశాడు. అందులో చాలావరకు ఎవరికి పడ్డా వికెట్టే అనిపించే బంతులు. రనౌట్‌తో పోయిన 4 పరుగులను బట్టి విహారి ఫామ్ చెప్పడానికి ఏమీ లేదు, నేను చెప్పేశాను. ఇక మూడోది, అతను అవుటై వెళ్లేసరికి బౌలర్ ఎన్నో ఓవర్లో ఉన్నాడు? ఇది ఏ స్క్రీన్‌షాట్‌లోనూ కనబడదు.

పుజారా మీద మావాళ్ల వాదనలో న్యాయం లేదని అనను. 2019 జనవరిలో సిడ్నీలో 193 కొట్టాక పుజారాకు మళ్లీ సెంచరీ వచ్చింది 2022 డిసెంబరులో, బంగ్లాదేశ్ మీద. మధ్యలో జట్టులోంచి తీసేస్తే ఇంగ్లండ్ కౌంటీ జట్టు ససెక్స్‌కు ఆడి పరుగులు చేసుకుని తిరిగొచ్చాడు. ఆడిన బంతులు కూడా తగ్గిపోతే, అప్పుడు ఫామ్ పోయినట్టే. ఎత్తుగడల విషయంలోనూ అంతే, ఒకసారి పనిచేసిందని ప్రతిసారీ పనిచేయదు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ స్మిత్‌ను లెగ్ వైపు ఫీల్డర్లతో కట్టేశాం, అశ్విన్ బంతికి అక్కడే పుజారా చేతికి దొరికి సున్నాకు వెళ్లాడు. సిడ్నీలో అదే స్మిత్ 131 కొట్టాడు.

విహారి విషయంలో మాత్రం మనసు ఇప్పటికీ కుదుటపడలేదు. సిడ్నీ తర్వాత సంవత్సరం పాటు టెస్టు ఆడలేదు. మొత్తం 16 టెస్టులతో ఆగిపోయాడు. ఆ 161 బంతులకు ఇంతకంటే ఎక్కువ దక్కాల్సింది.

2023 ఫిబ్రవరిలో ఇండోర్‌లో ఆంధ్ర, మధ్యప్రదేశ్ రంజీ క్వార్టర్ ఫైనల్. బౌన్సర్ తగిలి విహారి ఎడమ చెయ్యి విరిగింది. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ దిగాడు. విరిగిన చెయ్యి బంతికి ఎదురు రాకుండా ఎడమచేతివాటంగా తిరిగి, దాదాపు ఒంటిచేత్తో ఆడాడు. పెదనాన్న ఇంట్లో ఆ రోజు కరెంటు లేదు. నాకు ఫోన్ చేశారు.

"27 కొట్టాడు పెదనాన్నా," అన్నాను.

అవతల ఆయన ఏమీ అనలేదు. ఎందుకో అర్థమై స్కోరు మళ్లీ తెరిచి చూశాను.

"57 బంతులు."

"ఆఁ, చెప్పు," అన్నారు. కాగితం మీద పెన్ను కదులుతున్న చప్పుడు వినబడింది.