నడుమ స్పష్టం, అంచుల్లో మసక: ఫోరియర్ టైకోగ్రఫీలో ప్యూపిల్ సమస్య

ఫోరియర్ టైకోగ్రఫీ అంటే, ఎల్‌ఈడీ బోర్డుతో వేర్వేరు కోణాల్లో వెలుగు వేసి మైక్రోస్కోప్‌లో తీసిన బొమ్మలను కంప్యూటర్‌లో కలిపి, మరింత స్పష్టమైన ఒకే బొమ్మగా మార్చే పద్ధతి. మీరు 4ఎక్స్ అబ్జెక్టివ్‌తో (మైక్రోస్కోప్ ముందు లెన్సుతో) ఇలా చేసిన బొమ్మ అంచుల్లో మాత్రమే మసకబారుతోందంటే, బహుశా ఫ్రేమ్ మొత్తానికీ ఒకే ప్యూపిల్ ఫంక్షన్ (లెన్సు తన గుండా పోయే కాంతిని ఎలా మారుస్తుందో చెప్పే లెక్క) వాడి ఉంటారు. కోమా, ఆస్టిగ్మాటిజం అనే లెన్సు లోపాలు అంచులకు పోయేకొద్దీ మారతాయి. కాబట్టి ముక్కముక్కకీ విడిగా దిద్దాలి.

1. ఫ్రేమ్‌ను 256×256 పిక్సెళ్ల ముక్కలు చేయండి. పక్క ముక్కలు కాస్త ఒకదానిమీదొకటి పడాలి.

2. చాలామంది మర్చిపోయేది ఇదే (నేనూ రెండు వారాలు తిప్పలు పడ్డాను): ప్రతి ముక్కకూ ఎల్‌ఈడీ కోణాలు మళ్లీ లెక్కగట్టాలి. ఎల్‌ఈడీ స్థానంలోంచి ముక్క కేంద్రాన్ని, శాంపిల్ మీది మిల్లీమీటర్లలో, తీసేసి అప్పుడు కోణం సైన్ విలువ కట్టండి. బోర్డు 80 మి.మీ. దూరంలో ఉంటే, నడుమ నుంచి 1.5 మి.మీ. అవతలి ముక్కకు ఆ విలువ దాదాపు 0.019 మారుతుంది. 0.1 ఎన్‌ఏకి (లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదో చెప్పే సంఖ్య) అది ప్యూపిల్ వ్యాసార్ధంలో ఐదో వంతు! కెమెరా బొమ్మ తలకిందులుగా వస్తుంటే ప్లస్సు మైనస్సులు చూసుకోండి.

3. బొమ్మను తేల్చే లెక్క మళ్లీమళ్లీ నడుస్తుంది; మొదటి ఐదారు ఇటరేషన్లు (విడతలు) ప్యూపిల్‌ను కదపకండి. తర్వాత ఆబ్జెక్ట్‌తో (శాంపిల్ బొమ్మతో) పాటు దాన్నీ అప్‌డేట్ చేయండి. నడుమ ముక్కకు తేలిన ప్యూపిల్‌నే పక్కదానికి ఆరంభంగా ఇస్తే త్వరగా కుదురుకుంటుంది.

ప్యూపిల్ ఫేజ్ నున్నగా కాక చుక్కలు చుక్కలుగా వస్తే, ముందు ఎల్‌ఈడీ బోర్డు వంకరగా ఉందేమో చూడండి.