ఉరికీ పద్నాలుగేళ్లకీ మధ్య

ప్రశ్న: యావజ్జీవం పడ్డోడు పద్నాలుగేండ్లకు బయటికొస్తడని మా ఊర్ల అందరు అంటరు. గట్లయితే ఎంత ఘోరమైన హత్యకైనా పద్నాలుగేండ్లేనా? ఉరి వెయ్యాలె అనేటోళ్ల మాటల న్యాయం ఉన్నది గదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ ఊళ్లోనే కాదు, కోర్టు వరండాల్లోనూ వినిపించే మాట ఇది. అయినా తప్పు. యావజ్జీవమంటే బతికున్నంత కాలం జైలు. గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే ఈ సంగతి తేల్చింది. మరి పద్నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఉరి కూడా వేయదగ్గ నేరంలో యావజ్జీవం పడిన ఖైదీని ప్రభుత్వం ముందుగా వదలాలనుకుంటే, రెమిషన్ (మంచి నడవడి వగైరాలకు శిక్షలో తగ్గించే) రోజులు కలపకుండా కనీసం పద్నాలుగేళ్లు అతను లోపల ఉండి తీరాలని 1978లో చట్టంలో చేర్చారు. అప్పట్లో అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433-ఎ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 475. అంటే పద్నాలుగేళ్లు నిండితే దరఖాస్తు చూస్తారు, అంతే. వదిలెయ్యమని హక్కుగా అడగడానికి లేదు. ఇరవై ఏళ్లనే మాట ఇంకొకటి ఉంది. అది శిక్షలో సగమో పావో లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు వాడే అంకె. ఇక జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు కింద లెక్కేస్తారన్నది ఉత్త పుకారు.

విడుదలకు ముందు జైలు సూపరింటెండెంట్, జిల్లా పోలీసులు, ప్రొబేషన్ అధికారి విడివిడిగా నివేదికలు ఇవ్వాలి. ఫైలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఒక ఖైదీకి శిక్ష తగ్గిస్తే 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నివేదికల్లో ఆ ఖైదీ గురించి ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అని రాసి ఉంది! అలాంటి ఫైళ్లు చూసిన జనానికి యావజ్జీవం మీద నమ్మకం పోయిందంటే తప్పు జనానిది కాదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు 2008లో ఉంది. స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు మూడో దారి తెరిచింది: ఉరి వద్దు, కానీ రెమిషన్ లేకుండా ఇన్నేళ్లు, లేదా ఊపిరి ఆగేదాకా జైలు. 2015లో శ్రీహరన్ కేసులో అయిదుగురి ధర్మాసనం దీన్ని సమర్థించింది. అయితే ఇలాంటి శిక్ష హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే వేయాలంది, సెషన్స్ జడ్జికి ఆ అధికారం లేదు. 2019లో వరంగల్‌లో తొమ్మిది నెలల పసిపాప కేసు గుర్తుందా? నేరం జరిగిన రెండు నెలల్లోపే కింది కోర్టు ఉరి వేసింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. కాబట్టి ‘ఉరి వేయకపోతే వచ్చేస్తాడు’ అన్న వాదన ఇప్పుడు నిలవదు.

ప్రశ్న: చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. చేసినవాళ్లు ఉరి తప్పించుకున్నారు. చనిపోయినవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లే లేరా అండీ?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీ కోపాన్ని తప్పుపట్టం. 1993 మార్చిలో దోపిడీకి బస్సెక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. గుంటూరు సెషన్స్ కోర్టు వేసిన ఉరిని 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997లో ఉరి దాకా వెళ్లి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

నేరం ఎంత ఘోరమన్నది ఒక్కటే చూసి ఉరి వేయకూడదని 1980లో బచన్ సింగ్ కేసు చెప్పింది. నేరంతోపాటు నేరస్థుణ్నీ చూడాలి, యావజ్జీవం ఏ రకంగానూ సరిపోదని తేలితేనే ఉరి. ‘అత్యంత అరుదైన’ అని మనం వాడే మాట ఆ తీర్పుదే. అంతకు ఆరేళ్ల ముందే మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పని చేసి చూపించారు. ఆమె ఒక స్త్రీని, పసిబిడ్డను చంపింది. ఆమె వయసు, అత్తింటివాళ్లు గెంటేయడం, ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్లకు పైగా మెడ మీద వేలాడిన ఉరి... ఇవన్నీ లెక్కలోకి తీసుకుని యావజ్జీవంగా మార్చారు.

బస్సు కేసులో దోషులు పేద దళిత కుర్రాళ్లు. అదే గుంటూరు జిల్లాలో 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరికీ ఉరి పడలేదు. చుండూరు వాళ్లకూ ఉరి వేయాల్సిందని మా ఉద్దేశం కాదు. ఉరితాడు ఎవరి మెడకు అందుతుంది, ఎవరి మెడకు అందదు అన్నది నేరాన్ని బట్టే తేలడం లేదని మాత్రం ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంకో భయం పొరపాటు. మహారాష్ట్ర అంకుశ్ షిండే కేసులో ఆరుగురు సంచార జాతుల మనుషులకు 2009లో సాక్షాత్తూ సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. 2019లో అదే కోర్టు తీర్పును మళ్లీ విచారించి ఆరుగురూ నిర్దోషులంది, తలా అయిదు లక్షలు ఇమ్మంది. ఈలోగా ఉరి తీసి ఉంటే ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టేవాళ్లు?

ప్రశ్న: సెషన్స్ కోర్టు ఉరి వేశాక ఏయే మెట్లుంటాయి? ఎక్కడ దెబ్బతింటారు?
– న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: దెబ్బతినేది ఉరి వేశాక కాదు, వేయకముందే. దోషి అని తేల్చాక శిక్ష ఎంతన్న దానిమీద విడిగా వాదన వినాలి (బీఎన్‌ఎస్‌ఎస్ 258(2)). చాలాచోట్ల అది అదే పూట, పది నిమిషాల్లో ముగుస్తుంది. ‘ముసలి తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు, దయ చూపండి’ అని వకీలు రెండు ముక్కలంటాడు, రికార్డులో అవే మిగులుతాయి. అక్కడ పెట్టాల్సినవి వేరు: బడి రికార్డు, చిన్నప్పటి హింస, తలకు దెబ్బ తగిలిన ఆస్పత్రి కాగితాలు, మానసిక వైద్యుడి నివేదిక, జైల్లో నడవడిపై సూపరింటెండెంట్ నివేదిక. ఇవి విచారణ దశలోనే తెప్పించాలని, ప్రాసిక్యూషన్ కూడా తన వంతు తేవాలని 2022లో మనోజ్ కేసు చెప్పింది. నువ్వు వకీలువైతే శిక్ష మీద వాదనకు వాయిదా అడుగు. ఇవ్వకపోతే అడిగినట్టు రాయించు, అప్పీలులో అదే పనికొస్తుంది.

ఉరి వేసే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి (393(3)). అయినా హైకోర్టు ధ్రువీకరించేదాకా అది అమలుకు రాదు (407). దోషి అప్పీలు వేయకపోయినా ఫైలు దానంతటదే వెళుతుంది. ఇద్దరు జడ్జీలు సంతకం చేయాలి, అభిప్రాయం చీలితే మూడో జడ్జికి పోతుంది. తర్వాత సుప్రీంకోర్టు. అక్కడ రివ్యూ పిటిషన్‌ను (ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమనే అర్జీని) ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో వినాలని 2014లో తేలింది.

ఆ తర్వాత క్షమాభిక్ష. పాత చట్టంలో దీనికి గడువు లేదు, బీఎన్‌ఎస్‌ఎస్ 472లో పెట్టారు. సుప్రీంకోర్టు తీర్పు సంగతి జైలు సూపరింటెండెంట్ చెప్పిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ముందు గవర్నర్‌కు పెడితే, ఆయన తిరస్కరించిన 60 రోజుల్లో రాష్ట్రపతికి. ఒకే కేసులో నలుగురుంటే నలుగురి దరఖాస్తులూ కలిపి తేలుస్తారు. నిర్భయ కేసులో ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుంటూ పోవడంతో 2020 జనవరి 22న జరగాల్సిన ఉరి మార్చి 20 దాకా వాయిదా పడుతూ వచ్చింది. రాష్ట్రపతి కాదన్నారని చెప్పాక ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలి. ఇది 2014 శత్రుఘ్న చౌహాన్ తీర్పు. కారణం లేకుండా ఏళ్లకేళ్లు ఫైలు తొక్కిపెడితే ఆ ఆలస్యమే శిక్ష తగ్గింపుకు ఆధారమవుతుందని చెప్పింది కూడా అదే. ఆ ఒక్క తీర్పుతో పదిహేను మందికి ఉరి తప్పింది.

ప్రశ్న: ఉరి ఉంటే భయం ఉంటుంది కదా?
– కడప

జవాబు: యావజ్జీవం కంటే ఉరి ఎక్కువ భయపెడుతుందనడానికి రుజువు లేదని లా కమిషన్ 2015లో 262వ నివేదికలో తేల్చింది. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం మినహా తీసెయ్యమంది. 1967లో అదే కమిషన్ ఉంచమని చెప్పిన మాటా నిజమే. దొరకనులే అనుకునేవాడికి శిక్ష ఏదైనా ఒకటే.

ప్రశ్న: చచ్చేదాకా జైల్లో కుళ్లబెట్టడం ఉరికంటే క్రూరం కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఏనాటికైనా సమీక్ష జరుగుతుందన్న ఆశ లేని యావజ్జీవం అమానుషమని 2013లో వింటర్ కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. నడవడి బాగుంటే ఏమిటి, చెడితే ఏమిటి అనుకునే ఖైదీతో వార్డర్లకూ కష్టమే. అయితే హైకోర్టు రెమిషన్ లేదని రాసినా, రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతికి, గవర్నర్‌కు ఉన్న అధికారం పోదని శ్రీహరన్ తీర్పులోనే ఉంది. కనుక ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు.

మా మొగ్గు ‘ఊపిరి ఆగేదాకా’ వైపు కాదు, ‘ఇన్నేళ్లు’ అని చెప్పే అంకె వైపు. మనోజ్ కేసులో ముగ్గురికీ ఉరి తీసేసి, కనీసం 25 ఏళ్ల జైలు అన్నారు. అప్పుడు బాధిత కుటుంబానికి ఫలానా ఏడాది దాకా బయటికి రాడని ముందే తెలుస్తుంది, ఖైదీకి ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ వచ్చినప్పుడు వదలాలా వద్దా అన్నది మళ్లీ సూపరింటెండెంట్, పోలీసులు, ప్రొబేషన్ అధికారి ఇచ్చే ఆ మూడు నివేదికలు చూశాకే.